బ్లాక్ స్పాట్ అని బోర్డు పెట్టాం, మరి ఆ రోడ్డు జబ్బేమిటి?

రోడ్డు ప్రమాదం వార్త ఏ పేపర్లో చదివినా చివరి వాక్యం దాదాపు ఒకటే ఉంటుంది: అతివేగమే కారణమని పోలీసులు తెలిపారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లోనూ అంతే. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోతే, ఆ చావుల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. వేగం చంపుతుంది, అందులో అనుమానం లేదు. అయితే ఒక ఆస్పత్రికి వచ్చిన పది మంది రోగుల్లో ఏడుగురి చీటీ మీద "జ్వరం" అని మాత్రమే రాసి పంపిస్తే డాక్టరు ఏం మందు రాయాలి? అది మలేరియానా, టైఫాయిడా, కాలికి పుండు పడి చీము పట్టిందా అని ఎవరో ఒకరు అడగాలి కదా. రోడ్ల విషయంలో ఆ అడిగే పనికే కొన్ని సాఫ్ట్‌వేర్లు తయారయ్యాయి. వాటి లోపల ఏం లెక్క నడుస్తుంది, ఆ లెక్క మన రోడ్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ ఇరుక్కుంటోంది అన్నది నాకు తెలిసినంతలో విడమరిచి చెప్తాను.

ఈ పనిలో మూడు ప్రశ్నలున్నాయి. ఏ చోటు ముందు చూడాలి, అక్కడ అసలు ఏం జరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతుంది. మనం మాత్రం మొదటి ప్రశ్నకి జవాబు దొరగ్గానే రెండోది వదిలేసి మూడో దాని మీద పడతాం. ఫలానా చోట జనం చనిపోతున్నారు, వెంటనే బారికేడ్లు పెట్టండి, స్పీడ్ బ్రేకర్ వేయండి అంటాం. ఆ మధ్యలో వదిలేసిన ప్రశ్న దగ్గరే అసలు కథ అంతా ఉంది.

అమెరికాలో ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ కొన్ని రాష్ట్రాలను కలుపుకుని సేఫ్టీ అనలిస్ట్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేయించింది. దాన్ని చూస్తే ఈ మూడు ప్రశ్నలూ ఎంత స్పష్టంగా విడిపోయి ఉంటాయో తెలుస్తుంది. ఒక భాగం మొత్తం రోడ్లన్నీ జల్లెడ పట్టి అనుమానం ఉన్న చోట్లు బయటికి తీస్తుంది. ఇంకో భాగం ఒక్కో చోట రోగ నిర్ధారణ చేసి మందులు సూచిస్తుంది. తర్వాతది ఖర్చు, ప్రయోజనం లెక్కలు వేసి ఏది ముందు చేయాలో వరుస కడుతుంది. చివరి భాగం, పని అయ్యాక నిజంగా తగ్గిందా లేదా అని చూస్తుంది. 2010లో అక్కడ వచ్చిన హైవే సేఫ్టీ మాన్యువల్ కూడా ఇదే వరుసలో నడుస్తుంది.

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. మన దగ్గర జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో, గత మూడేళ్లలో, చావులు గానీ తీవ్రమైన గాయాలు గానీ అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా మొత్తం 10 మంది చనిపోతే అది బ్లాక్ స్పాట్. అందరికీ అర్థమయ్యే లెక్క, ఏమీ లేని రోజుల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అక్కడ రోజుకి ఎన్ని బండ్లు తిరుగుతున్నాయన్నది ఈ లెక్కలోకి రాదు. రోజుకి నలభై వేల బండ్లు పోయే చోట అయిదు ప్రమాదాలూ, నాలుగు వేల బండ్లు పోయే చోట అయిదు ప్రమాదాలూ ఒకటి కావు, రెండోదాంట్లో రోడ్డే ఏదో తప్పు చేస్తోంది. ఇక రెండో చిక్కు అదృష్టానికి సంబంధించినది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా ఊరి నుంచి హైవే ఎక్కే దగ్గర ఒక జంక్షన్ ఉంది. నా చిన్నప్పుడు ఒక ఏడాది అక్కడ వరసగా ప్రమాదాలు జరిగాయి, ఊరంతా రోడ్డు మీద కూర్చుని ధర్నా చేస్తే బారికేడ్లు వచ్చాయి, మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గాయి. బారికేడ్ల వల్లే తగ్గాయని అందరం గట్టిగా నమ్మాం. నాలుగేళ్ల తర్వాత మళ్లీ పెరిగాయి. బారికేడ్లు అక్కడే ఉన్నాయి మరి. ప్రమాదాలు ఏటా ఒకేలా జరగవు, సగటున రెండు జరిగే చోట ఒక ఏడాది ఒక్కటీ జరగకపోవచ్చు, ఇంకో ఏడాది అయిదు జరగొచ్చు, రోడ్డులో మార్పేమీ లేకుండానే. మనం ఎప్పుడు మేలుకుంటాం? అయిదు జరిగిన ఏడాది. ఆ తర్వాతి ఏడాది ఏమీ చేయకపోయినా అది సగటు వైపు దిగివచ్చే అవకాశమే ఎక్కువ. అలా దిగివచ్చినప్పుడు ఆ పేరు మనం పెట్టిన బారికేడ్లకి పోతుంది, అసలు రోగం అలాగే మిగిలిపోతుంది.

ఈ పొరపాటు నుంచి తప్పించుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఒక పద్ధతి వాడుతుంది. పేరు ఎంపిరికల్ బేయస్. రోడ్డు భద్రత రంగంలో దీన్ని నిలబెట్టినవాళ్లలో టొరంటో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎజ్రా హావర్‌ది ముఖ్యమైన పేరు. పేరు భయపెడుతుంది గానీ ఆలోచన మన ఇళ్లలో వాడేదే. కొత్తగా వచ్చిన కోడి ఒక వారం రోజూ గుడ్డు పెట్టిందని జీవితాంతం అలాగే పెడుతుందని ఎవరూ అనుకోరు, ఆ జాతి కోళ్లు మామూలుగా ఎన్ని పెడతాయో కూడా మనసులో పెట్టుకునే అంచనా వేస్తారు. ఇక్కడా అంతే. ఒక జంక్షన్ ఉందనుకోండి, అంకెలు నేను ఊహించి చెప్తున్నవి. అంతే ట్రాఫిక్, అదే ఆకారం ఉన్న మిగతా జంక్షన్లలో ఏడాదికి సగటున 2 ప్రమాదాలు జరుగుతున్నాయి. ఈ జంక్షన్‌లో పోయిన ఏడాది 5 జరిగాయి. ఒక్క ఏడాది లెక్కే చేతిలో ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటికీ చెరి సగం బరువు ఇచ్చి, ఇక్కడి నిజమైన సగటు 3.5 అనొచ్చు. అదే మూడేళ్లూ ఏటా 5 చొప్పున మొత్తం 15 జరిగాయనుకోండి, అప్పుడు ఆ చోటు చెప్పే మాటకి మూడు వంతులు, మిగతా జంక్షన్ల మాటకి ఒక వంతు బరువు ఇచ్చి 4.25 అంటుంది. అంటే ఆ చోటు ఎన్నేళ్లుగా ఒకే మాట చెప్తోందో, దాన్ని బట్టి నమ్మకం పెరుగుతుంది. ఆ 4.25కీ, ఉండాల్సిన 2కీ మధ్య ఉన్న తేడా, ఏడాదికి 2.25 ప్రమాదాలు, ఇదే మనం చికిత్స చేసి తగ్గించగలిగిన భాగం. వరుస కట్టాల్సింది ఈ తేడాని బట్టి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ 15 ప్రమాదాలు ఎలా జరిగాయి? దీనికి పాత కాలం నుంచీ ఉన్న పనిముట్టు కొలిజన్ డయాగ్రం. జంక్షన్ బొమ్మ గీసి, ప్రతి ప్రమాదానికీ ఏ బండి ఎటు నుంచి వచ్చింది, ఎటు వెళ్లబోయింది, ఎక్కడ తగిలింది అని బాణాలు వేస్తారు. పక్కన పగలా రాత్రా, వానా ఎండా, ఏ రకం బండి అని గుర్తులు పెడతారు. పదిహేను బాణాలు ఒక్క కాగితం మీద పడ్డాక చూస్తే పదిహేను ఎఫ్‌ఐఆర్‌లు చదివినా కనిపించనిది కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఈ బొమ్మను తనే గీసి, ఒక అడుగు ముందుకు వేస్తుంది. మన కంటికి ఎక్కువగా అనిపించింది నిజంగా ఎక్కువేనా అని లెక్కేస్తుంది. పై ఉదాహరణలోనే, 15లో 9 రాత్రి జరిగాయనుకుందాం, అలాంటి మిగతా జంక్షన్లలో రాత్రివి నాలుగో వంతే. ఇక్కడ ప్రత్యేకంగా ఏ దోషమూ లేకుండా, ఊరికే యాదృచ్ఛికంగా 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ రాత్రి పడే అవకాశం వెయ్యిలో నాలుగు. అంటే దాదాపు లేదు. ఇక్కడ రాత్రికీ ఈ రోడ్డుకీ ఏదో సంబంధం ఉంది.

ఇది ఎంత ముఖ్యమో చెప్పాలి. మామూలుగా మనం ఒక జంక్షన్‌లో ఏ రకం ప్రమాదాలు ఎక్కువ జరిగితే దాన్నే సమస్య అంటాం. కానీ సిగ్నల్ ఉన్న ఏ చోటైనా వెనక నుంచి గుద్దుకోవడాలు ఎక్కువే ఉంటాయి, అది అలాంటి చోట్ల లక్షణం. చూడాల్సింది, తన లాంటి మిగతా చోట్లతో పోలిస్తే ఇక్కడ ఏది మితిమీరి ఉంది అని. ఈ పోలిక మనిషి బుర్రతో అయ్యే పని కాదు, వందల జంక్షన్ల లెక్క తలలో ఎవరికీ ఉండదు. సాఫ్ట్‌వేర్ మనకు చేసే నిజమైన సాయం ఇదేనని నా నమ్మకం.

అక్కడితో అది మందు రాసెయ్యదు. ప్రశ్నలు అడుగుతుంది. రాత్రివి ఎక్కువ ఉన్నాయి, లైట్లు ఉన్నాయా, ఉంటే వెలుగుతున్నాయా? గీతలు అరిగిపోయాయా? పక్క రోడ్డు నుంచి వచ్చేవాడికి మెయిన్ రోడ్డు ఎంత దూరం కనిపిస్తోంది? ఈ జవాబులు కంప్యూటర్ ముందు కూర్చుంటే రావు, ఎవరో ఒకరు ఆ జంక్షన్‌కి వెళ్లాలి, అది కూడా రాత్రి పూట, ప్రమాదాలు జరిగే వేళకి. ట్రాలీ తగిలించుకున్న ట్రాక్టరు ఆగి ఉన్న చోటు నుంచి నాలుగు లేన్లు దాటడానికి ఎనిమిది సెకన్లు పడుతుందనుకుందాం, గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఎనిమిది సెకన్లలో దాదాపు 180 మీటర్లు వచ్చేస్తుంది. ఆ డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే 180 మీటర్లు కనిపిస్తోందా? కనిపించకపోతే, అతను ఎంత జాగ్రత్తపరుడైనా రోజూ పాచిక వేసి రోడ్డు దాటుతున్నట్టే. అతని మీద నిర్లక్ష్యం కేసు పెట్టడం ఆ 180 మీటర్లను తెచ్చిపెట్టదు.

మూడో ప్రశ్న మందు. ఇందులో వాడే అంకెని క్రాష్ మోడిఫికేషన్ ఫ్యాక్టర్ అంటారు. ఒక పని చేసి చూసిన చోట్లన్నీ పరిశీలించి, ఆ పని తర్వాత ప్రమాదాలు ఎన్నో వంతుకి వచ్చాయో చెప్పే అంకె అది. 1 కంటే తక్కువైతే తగ్గినట్టు, ఎక్కువైతే పెరిగినట్టు. హైవే సేఫ్టీ మాన్యువల్‌లో ఉన్న ఒక అంకె నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పల్లె ప్రాంతంలో, పక్క రోడ్డుకి మాత్రమే స్టాప్ బోర్డు ఉన్న జంక్షన్‌కి ట్రాఫిక్ సిగ్నల్ పెడితే మొత్తం ప్రమాదాలు 0.56కి వస్తాయి, అంటే 44 శాతం తగ్గుతాయి. అడ్డంగా గుద్దుకునేవి 0.23కి పడిపోతాయి. వెనక నుంచి గుద్దేవి మాత్రం 1.58కి పెరుగుతాయి, అంటే ఒకటిన్నర రెట్లు దాటాయి. అదే సిగ్నల్, ఒక జబ్బుకి మందు, ఇంకో జబ్బుకి విషం. మీ జంక్షన్ బొమ్మలో బాణాలన్నీ అడ్డంగా ఉంటే సిగ్నల్ ప్రాణాలు కాపాడుతుంది, అన్నీ వెనక నుంచి ఉంటే అదే సిగ్నల్ ఇంకొందరిని చంపొచ్చు. రోగ నిర్ధారణ లేకుండా మందు వేయకూడదని చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. అలాంటి చోటే సింగిల్ లేన్ రౌండబౌట్ కడితే మొత్తం ప్రమాదాలు 0.29కి, గాయాలయ్యేవి 0.13కి వస్తాయని అదే మాన్యువల్ చెప్తుంది. మొన్నటి వరకూ చీకట్లో ఉన్న రోడ్డుకి లైట్లు వేస్తే రాత్రి పూట గాయాల ప్రమాదాలు 0.72కి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ ప్రధానంగా అమెరికా లాంటి దేశాల రోడ్ల మీద, కార్లు ఎక్కువ ఉన్నచోట, లేన్‌లో నడిచేవాళ్ల మధ్య తేలిన అంకెలు. మన దేశంలో 2022లో రోడ్డు మీద చనిపోయినవాళ్లలో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. సిగ్నల్ దగ్గర అక్కడ వెనక నుంచి కారుని కారు గుద్దితే బంపర్ పోతుంది, ఇక్కడ లారీ వచ్చి బైకుని గుద్దుతుంది. కాబట్టి అంకెని అలాగే ఎత్తుకొచ్చి అతికించడం తప్పు, ఎటు వైపు మొగ్గుతుందో తెలుసుకోవడానికి వాడుకోవాలి. మన సొంత అంకెలు మనకి రావాలంటే మనం చేసిన పనులను తర్వాత కొలవాలి, అది మనం సరిగా చేయడం లేదు. "ఇన్ని బ్లాక్ స్పాట్లు సరిచేశాం" అన్న ప్రకటనలు తరచూ వింటాం. ఆ చోట్ల మూడేళ్ల తర్వాత ఎన్ని ప్రమాదాలు జరిగాయన్న మాట అంత తరచుగా వినబడదు.

ఇంత లెక్కకీ మూలం ఏమిటి? ప్రమాదం జరిగిన రాత్రి ఒక కానిస్టేబుల్ లేదా ఎస్ఐ రాసుకున్న వివరం. ఎఫ్‌ఐఆర్ ఉన్నది ఎవరిది తప్పో తేల్చడానికి. ఇదివరకు ఐపీసీ 304ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106, సెక్షన్ కోరేది నిర్లక్ష్యం. కాబట్టి కాగితం మీదికి "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న మాట వస్తుంది. రాసేవాళ్ల తప్పేమీ లేదు, ఆ ఫారం అడిగింది అదే. రోడ్డు ఇంజనీరుకి కావాల్సిన వివరాలు, బండి ఏ దిక్కున పోతోంది, యూటర్న్ తీసుకుంటోందా, రాంగ్ రూట్‌లో వచ్చిందా, లైటు ఉందా అన్నవి అడిగే ఫారం చాలా కాలం సరిగా లేదు. చోటు విషయం ఇంకా కష్టం. "ఫలానా ధాబా దాటాక" అని రాస్తే ఆ ధాబా మూతపడిన రోజున ఆ ప్రమాదానికి చిరునామా పోయినట్టే.

ఈ లోటు పూడ్చడానికే ఐరాడ్ అనే ప్రమాదాల సమాచార వ్యవస్థ వచ్చింది. ఐఐటీ మద్రాస్ రూపొందించింది, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అమలు చేస్తోంది. పోలీసులు చోటికి వెళ్లి ఫోన్‌లోనే వివరాలు, ఫొటోలు ఎక్కిస్తారు, అక్షాంశ రేఖాంశాలు వాటంతటవే పడతాయి, రవాణా శాఖ, రోడ్ల శాఖ, ఆస్పత్రులు తమ తమ భాగాలు నింపాలి. తర్వాత దీన్నే ఈడార్‌గా విస్తరించి బీమా క్లెయిములకి కలిపారు. నా దృష్టిలో మన రోడ్ల భద్రతకి సంబంధించి ఈ మధ్య జరిగిన మంచి పనుల్లో ఇది పెద్దది. అయితే ఇది కూడా మనిషి చేతిలోనే ఉంది. రాత్రి రెండింటికి, ఒకవైపు గాయపడినవాళ్లని అంబులెన్స్ ఎక్కించి, ట్రాఫిక్ క్లియర్ చేసి, బంధువులకి ఫోన్లు చేసి అలసిపోయిన మనిషి స్టేషన్‌కి వచ్చాక ఫారం నింపి, చోటు సరిచూడకపోతే ఆ ప్రమాదం మ్యాపులో స్టేషన్ ముందే పడుతుంది. అలాంటివి పది పడితే లేని బ్లాక్ స్పాట్ పుడుతుంది, ఉన్నది మాయమవుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ కొనడానికి పెట్టే డబ్బులో కొంత, ఆ ఎస్ఐకి ఆ వివరాలు ఎందుకు కావాలో చెప్పే శిక్షణ మీద పెట్టాలని గట్టిగా అంటాను.

మరి జనం చనిపోయేదాకా ఆగాలా? ఈ ప్రశ్నకి రెండు దారులున్నాయి. ఒకటి మన హైదరాబాద్‌కి దగ్గరిది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని ఐనై అనే ఏఐ పరిశోధన కేంద్రం భాగస్వామిగా ఐరాస్తే అనే ప్రాజెక్టు నాగ్‌పూర్‌లో మొదలై, తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోకి వచ్చింది. బస్సుకి కెమెరాతో పనిచేసే పరికరం పెడతారు, ముందున్న బండి మరీ దగ్గరైతే డ్రైవరుని హెచ్చరిస్తుంది. డ్రైవరుకి అది హెచ్చరిక, ఇంజనీరుకి అది సమాచారం. రోజూ ఎన్నో బస్సులు వెళ్లే దారిలో హెచ్చరికలన్నీ ఒకే మలుపు దగ్గర మోగుతుంటే, అక్కడ ఇంకా ఎవరూ చనిపోకపోయినా ఆ చోటు అనుమానించదగ్గదే. వాటిని గ్రే స్పాట్లు అంటున్నారు, నల్లబడకముందే పట్టుకోవాలని.

రెండో దారి అసలు ప్రమాదాల లెక్కే అడగదు. ఐరాప్ అనే అంతర్జాతీయ సంస్థ రోడ్డు వీడియో తీసి, ప్రతి 100 మీటర్లకీ యాభైకి పైగా వివరాలు నమోదు చేస్తుంది: ఫుట్‌పాత్ ఉందా, పక్కన చెట్టు ఎంత దూరంలో ఉంది, మలుపు ఎంత, దాటే చోటు ఉందా, వేగం ఎంత. విడా అనే సాఫ్ట్‌వేర్ వాటితో ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే స్టార్లు నలుగురికీ వేర్వేరుగా ఇస్తుంది. కారులో వెళ్లేవాడికి, బైకు మీద వెళ్లేవాడికి, సైకిల్ మీద వెళ్లేవాడికి, నడిచేవాడికి. ఒకే రోడ్డు కారుకి నాలుగు స్టార్లు, నడిచేవాడికి ఒకటే కావొచ్చు. 2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో పాటు కర్ణాటక, గుజరాత్, అసోం రోడ్లని ఇలా పరిశీలించారు. కర్ణాటకలో బెళగావి నుంచి యరగట్టి దాకా 62 కిలోమీటర్ల రోడ్డుని ఈ పద్ధతిలో సరిచేశాక చావులు సగానికి పైగా తగ్గాయని ప్రపంచ బ్యాంకు చెప్పింది.

నడిచేవాడి స్టార్లు వేరుగా లెక్కించడం ఎంత అవసరమో పెద్దకుంట తండా చెప్తుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, 44వ నంబర్ జాతీయ రహదారి బైపాస్ పక్కన ఉన్న చిన్న తండా అది. రేషన్‌కి, పింఛనుకి, పనికి ఆ రోడ్డు దాటాల్సిందే, దాటుతూ మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయి, విధవల ఊరిగా 2015లో దేశవిదేశాల వార్తల్లోకి ఎక్కింది. ఆ చావులు తెలుసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఊరు ఊరంతా చెప్తుంది. కానీ డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే "ఈ 100 మీటర్లలో జనం దాటుతారు, దాటే ఏర్పాటు లేదు, నడిచేవాళ్లకి ఒక్క స్టారే" అని ఒక ఎర్ర గీత పడి ఉంటే, అండర్‌పాసో, సర్వీస్ రోడ్డో రోడ్డుతో పాటే పడి ఉండేది. కట్టక ముందు గీత చెరిపి మళ్లీ గీయడానికి అయ్యే ఖర్చు ఎంత!

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఐరాప్ లెక్కల్లో ఒక ప్రాణానికి దేశ తలసరి జీడీపీకి 70 రెట్లు విలువ కడతారు. మన తలసరి సుమారు 2 లక్షలు అనుకుంటే అది కోటీ నలభై లక్షలు. ప్రాణానికి ధర ఏమిటని కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఆ అంకె లేనప్పుడు ప్రాణం విలువ సున్నాగానే లెక్కలోకి వెళ్తోంది, అండర్‌పాస్ ఖర్చు మాత్రం పైసాతో సహా కనిపిస్తుంది. ఆ అంకె ఉండటమే నయం. జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట, ప్రయోజనాన్ని ఖర్చుతో భాగించి వరుస కడితే ఎప్పుడూ ట్రాఫిక్ ఎక్కువున్న పెద్ద రోడ్లే పైకి వస్తాయి, తండా పక్క రోడ్డు కిందే ఉండిపోతుంది. ఆ వరుసని అలాగే ఒప్పుకోవాలా, తండాలకి విడిగా కొంత డబ్బు తీసిపెట్టాలా అన్నది మనం తేల్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు.

మా ఊరి జంక్షన్‌కి పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు రాత్రి ఎనిమిదింటికి బైకు మీద అక్కడ ఆగి చూశాను. ఎదురు లైట్లు కళ్లలో పడకుండా డివైడర్ మీద పెంచిన గన్నేరు చెట్లు యూటర్న్ సందు దాకా గుబురుగా వచ్చేశాయి. లారీ డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు కాబట్టి అతనికి పైనుంచి కనిపిస్తుంది. బైకు మీద కూర్చున్న నాకు అవతలి వైపు నుంచి వచ్చే బండి, చెట్ల సందులోంచి ముప్పై నలభై మీటర్ల దగ్గరికి వచ్చాక గానీ కనిపించలేదు. బారికేడ్లు మెయిన్ రోడ్డు మీద, ఎక్కడ పెట్టారో అక్కడే ఉన్నాయి. నేను చూసింది ఒక్క రాత్రి, ఒక్క మనిషి కంటితో. అదే కారణమని తేల్చాలంటే ఈ పదేళ్ల ప్రమాదాల్లో యూటర్న్ తీసుకునేవి ఎన్ని, అందులో బైకులెన్ని అని బాణాలు వేసిన కాగితం కావాలి. జిల్లా రోడ్డు భద్రత కమిటీ మీటింగ్‌కి వెళ్లే సర్పంచులు, విలేకరులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఊరి జంక్షన్ గురించి మాట్లాడేటప్పుడు స్పీడ్ బ్రేకర్ అడగడానికి ముందు ఆ కాగితం అడగండి.